సున్నా కాని మిగులు

అన్నయ్య పోయాక ఆఫీసుకు వెళ్లిన మొదటి రోజు నా ముందుకు వచ్చిన మొదటి పని, పోయేముందు అన్నయ్య పంపిందే. మాది సంఖ్యల వరుసలను పోగుచేసే సంస్థ. ఎవరైనా కొత్త వరుస పంపితే తప్పొప్పులు చూసి మా కోశంలో చేరుస్తాం. పంపినవారి పేరు దాని పక్కనే ఉండిపోతుంది. అన్నయ్యకు కావలసింది ఆ పేరే. జీవితమంతా బడిలో లెక్కలు చెప్పినా తన పేరు ఎక్కడా అచ్చు కాలేదని లోలోపల గుర్రుగా ఉండేది.

వేరేవాళ్లకు ఇమ్మంటావా అని మా ఆఫీసు పెద్దాయన అడిగారు. అక్కర్లేదన్నాను. నాకు ఏడుపు రావడం లేదు, ఆకలీ వేయడం లేదు. ఏ పనైనా ఒకటే.

వరుస ముచ్చటగానే ఉంది. రెండు యొక్క వర్గమూలాన్ని ఒకటితో, రెండుతో, మూడుతో అలా గుణించుకుంటూ పోవాలి. ప్రతిసారీ దశాంశ బిందువుకు ముందున్నది పారేసి, తర్వాత మిగిలిన ముక్కనే చూడాలి. అది అంతకు ముందు వచ్చిన వాటన్నిటికంటే చిన్నదైతే, దేనితో గుణించామో ఆ సంఖ్యను రాసుకోవాలి. ఒకటి, మూడు, ఐదు, పదిహేడు, ఇరవై తొమ్మిది, తొంభై తొమ్మిది. అక్కడి నుంచి పోనుపోను కొండంత సంఖ్యలు. చివర అన్నయ్య దర్జాగా ఒక మాట చేర్చాడు: "ఇక్కడ మిగులు సున్నా అయింది. వరుస ముగిసింది."

అది ముగియదు. దేనితో గుణించినా ఆ మిగులు సున్నా కాదు, చిన్నదవుతూ పోతుందంతే. అన్నయ్య కంప్యూటర్ పదహారు అంకెల దాకా పట్టుకుని మిగతాది గాలికి వదిలేసింది. తను దాన్ని గుడ్డిగా నమ్మాడు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఇదే సంగతి చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్న మనిషి. నవ్వు రావలసిన చోట నాకేమీ రాలేదు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. తప్పు కనబడితే మేం దిద్దం, పంపినవారిని అడుగుతాం. వారం లోపల జవాబు రాకపోతే వరుసను తీసేస్తాం. ప్రశ్న రాసి అన్నయ్యకు మెయిల్ పంపి, వదినకు ఫోన్ చేశాను. ఆ మెయిల్ తెరిచి, ఒప్పుకుంటున్నానని ఒక్క ముక్క రాస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటానని చెప్పాను.

వదిన అంతా విని ఒకటే అడిగింది.

"మీ అన్నయ్య నాతో కాపురం చేసినన్నాళ్లూ ఒక్క తప్పు ఒప్పుకోలేదమ్మా. ఇప్పుడు ఆయన పేరు పెట్టి నన్ను ఒప్పేసుకోమంటావా?"

"ఒప్పుకోకపోతే ఆ పేరే ఉండదు వదినా."

ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

గడువు చివరి రోజు సాయంత్రం పెద్దాయన నా కుర్చీ పక్కన నిలబడి, ఇక తీసేద్దామా అన్నారు. సరేనని వేలు మీట మీద పెట్టాను. అప్పుడు అన్నయ్య పేరుతో జవాబు వచ్చింది.

"తీరిగ్గా చూసి చెబుతాలేవే."

తప్పు దొరికినప్పుడల్లా అన్నయ్య నా దగ్గర తప్పించుకోవడానికి అనే మాట అచ్చం అదే. వదిన ఒప్పుకోనూ లేదు, వదులుకోనూ లేదు. ఇదేం జవాబు అన్నారు పెద్దాయన. ఏదైనా జవాబు జవాబే కదండీ, గడువు మళ్లీ మొదలవుతుంది అన్నాను. ఆయన చూస్తుండగానే భోరున ఏడ్చాను.

ఏడుస్తూనే అన్నయ్యకు తిరిగి రాశాను: "తొందరేం లేదు. తీరిగ్గానే చూడు."