ఆలస్యానికి కారణం

తమ్ముడు కుడి కంటి అద్దం అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టాడట. ఎడమ కంటిది చేతిలోకి తీసుకుని, "కాసిని మంచినీళ్ళు ఇలా అందుకో" అన్నాడట పక్కవాడితో. ఆ నీళ్ళు తెచ్చేలోగా బల్ల మీదికి ఒరిగిపోయాడు. కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో, ఇరవై మూడేళ్ళుగా కూర్చున్న స్టూలు మీదే పోయాడు. యాభై కూడా నిండలేదు.

ఆ మంగళవారం మూడో పీరియడ్‌లో ఆయన అక్కగారు ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతోంది. బడిలో పిల్లల దగ్గర్నుంచి హెడ్‌మాస్టరు దాకా ఆవిణ్ణి టీచరమ్మ అనే పిలుస్తారు. ప్యూను వచ్చి గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకున్నాడు. బోర్డు మీద సగంలో ఉన్న లెక్కను ఆవిడ చివరిదాకా చేసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, అప్పుడు బయటికి వచ్చింది. ఆ లెక్క ఎందుకు పూర్తి చేశానా అని తర్వాత చాలాసార్లు అనుకుంది.

తమ్ముడు నోట్లో నాలుక లేని మనిషి. అద్దం ఫ్రేములో పట్టకపోతే విసుక్కునేవాడు కాదు. వెంట్రుకవాసి అరగదీసేవాడు, పెట్టి చూసేవాడు, మళ్ళీ తీసేవాడు. అలాంటివాడికి ఆరేళ్ళ కిందట ఒక పిచ్చి పట్టింది. ఇద్దరు యువకులు కలిసి 'ఆఖరి రేవు' అని ఒక వీడియో గేమ్ తయారు చేస్తామన్నారు. అందులో తుపాకులు లేవు, పరుగులు లేవు. నది మీద పడవ నడపాలి, ఎక్కినవాళ్ళ కథలు వినాలి, వాళ్ళను అవతలి ఒడ్డున దించాలి. అంతే ఆట. తయారు కాకముందే ఇష్టమున్నవాళ్ళందరూ తలా కొంత డబ్బు వేసుకుంటే, ఏడాదిన్నరలో అందరికీ ఆట ఇస్తామని ఇంటర్నెట్లో ఒక పేజీ పెట్టారు. తమ్ముడు వేశాడు. వేసి ఊరుకోలేదు, తెలిసినవాళ్ళందరి చేతా వేయించాడు.

అలా దొరికిపోయినవాళ్ళలో టీచరమ్మ బడిలోని డ్రిల్లు మాస్టారు ఒకడు. ఏడాదిన్నర దాటి, రెండేళ్ళు దాటి, మూడేళ్ళయ్యాక ఆయన స్టాఫ్‌రూమ్‌లో టిఫిన్ డబ్బా విప్పినప్పుడల్లా అదే మాట.

"టీచరమ్మా, మీ తమ్ముడి పడవ ఒడ్డుకొచ్చిందా?"

"అడిగి చెబుతాను మాస్టారూ."

"తొందరేం లేదు లెండి. నా రిటైర్మెంటుకి ఇంకా నాలుగేళ్ళుంది. అప్పటికి పడవెక్కే వయసూ వస్తుంది."

అడిగితే తమ్ముడు నవ్వేవాడు. "మంచి పని నిదానంగా అవుతుందక్కా" అనేవాడు. పేజీలో జనం తిట్టిపోస్తుంటే జవాబు చెప్పేవాడు కూడా తమ్ముడే. ఎవరూ ఆ పని చేయమనలేదు, పైసా జీతం లేదు. ఆట చేసే ఇద్దరూ తమను తాము, పడవ నడిపేవాళ్ళన్నట్టు, 'మీ సరంగులు' అని రాసుకునేవాళ్ళు. ఆ సరంగులు నెలల తరబడి కనబడకపోయినా, తమ్ముడు మాత్రం రోజూ సాయంత్రం దుకాణం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఒక్కొక్కరికీ మర్యాదగా రాసేవాడు. కాస్త ఓపిక పట్టండి, బొమ్మలు బాగా వస్తున్నాయి, నేను చూశాను, అని. చివరికి అక్కడివాళ్ళు ఆయనకు 'ఓపిక మామయ్య' అని పేరు పెట్టారు. కొందరు ప్రేమగా పిలిచారు, కొందరు వెక్కిరింతగా.

తమ్ముడు పోయిన మర్నాడు, డిగ్రీ చదివే కూతురు పేజీలో ఆయన పేరు మీదే ఒక ముక్క రాసింది. "నాన్న ఇక లేరు. జవాబుల కోసం ఎదురుచూడకండి." అంతే.

మూడు వారాల తర్వాత టీచరమ్మ సెలవు ముగించుకుని బడికి వెళ్ళింది. డ్రిల్లు మాస్టారు ఆ రోజు టిఫిన్ డబ్బా విప్పలేదు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, కాసేపు ఈల తాడు వేలికి చుట్టుకున్నాడు.

"మీకు చూపించాలో వద్దో తెలీక వారం రోజులు తన్నుకున్నానమ్మా. చూపించకపోతే ఇంకా తప్పేమో అనిపించింది."

ఫోన్ ముందుకు జరిపాడు. సరంగుల ప్రకటన అది. పైన పెద్ద అక్షరాలతో 'ఆలస్యానికి కారణం' అని ఉంది.

"ఈ నెలలోనే ఆటను మీ చేతుల్లో పెట్టాలనుకున్నాం. ఇంతలో మన ఓపిక మామయ్య మనల్ని విడిచి వెళ్ళిపోయారు. ఆయన మరణం వల్ల మా పని ఆగిపోయింది. చేతులు ఆడటం లేదు. మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతామో చెప్పలేం. ఆయన గుర్తుగా ఆటలో రేవు దగ్గర ఒక దీపస్తంభం నిలబెడతాం."

కింద మూడొందల పైచిలుకు సంతాపాలు. ఒకడెవరో, ఆట సంగతి ఇంతకీ ఏమైందని అడిగితే, చావింట్లో అడిగే మాటేనా ఇది అని పదిమంది మీదపడ్డారు. పాపం అతను క్షమాపణ చెప్పుకుని వెళ్ళిపోయాడు.

టీచరమ్మ రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మూడోసారి చదివింది. ఆ కళ్ళజోడు తమ్ముడు చేసిందే.

"శవాల మీద పేలాలు ఏరుకునే రకం" అన్నాడు మాస్టారు. అని నాలుక కరుచుకున్నాడు. "తప్పయిపోయింది టీచరమ్మా. మీ ముందు అనాల్సిన మాట కాదు."

"తప్పేం లేదు మాస్టారూ. ఆ మాటే అనాలి."

ఆవిడ గొంతు పెంచలేదు. కానీ ఆ మధ్యాహ్నం ఎనిమిదో తరగతి పిల్లలు ఒక్కరూ గుసగుసలాడలేదు.

ఆదివారం పొద్దున్నే తమ్ముడి ఇంటికి వెళ్ళింది. మరదలు ఇంట్లోనే బడి యూనిఫారాలు కుడుతుంది. మిషను మీద సగం కుట్టిన చొక్కాలు గుట్టగా ఉన్నాయి.

"వాడి కంప్యూటర్ ఒకసారి చూడాలి" అంది టీచరమ్మ.

"చూడండి వదినా. మీ మేనకోడలు రోజూ సాయంత్రం అదే చూస్తుంది. వాళ్ళ నాన్న గురించి జనం రాసినవన్నీ చదువుకుంటుంది. చదివాక కాస్త అన్నం తింటోంది."

ఆ మాట టీచరమ్మ గుండెలో ఎక్కడో తట్టుకుంది. అయినా కూర్చుంది. పేజీ కాదు ఆవిడకు కావలసింది. తమ్ముడు సరంగులకు విడిగా రాసిన ఉత్తరాలు కావాలి. నెలకొకటి ఉంది. మొదటివి పొగడ్తలు, తర్వాతివి ప్రశ్నలు, ఆ తర్వాతివి బతిమాలడాలు. చివరిది పోవడానికి తొమ్మిది రోజుల ముందు రాసింది.

"తమ్ముళ్ళూ, రెండేళ్ళుగా మీరు నాకు చూపిస్తున్నది అదే రేవు, అదే పడవ. ఎక్కినవాళ్ళు అవతలి ఒడ్డు చేరడం నేను ఒక్కసారీ చూడలేదు. అవతలి ఒడ్డు మీరు తయారే చేయలేదని నాకు తెలిసి పదకొండు నెలలైంది. తెలిసీ జనానికి ఓపిక పట్టమని చెప్పాను. అది నా తప్పు. ఈ నెలాఖరులోగా నిజం మీరే చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెబుతాను, నా తప్పుతో సహా."

దానికి జవాబు లేదు. తొమ్మిది రోజులూ లేదు. మనిషి పోయిన నాలుగో రోజున మాత్రం ప్రకటన వచ్చింది.

ఇక్కడ టీచరమ్మ ఒక పొరపాటు చేసింది. ముప్పై ఏళ్ళుగా పిల్లల తల్లిదండ్రులకు ఉత్తరాలు రాసిన చెయ్యి. పిల్లవాడు కిటికీ పగలగొట్టాడని రాయవలసి వచ్చినా ముందు ఒక మంచిమాటతో మొదలుపెట్టి, ఆ తర్వాత అసలు సంగతికి వచ్చే అలవాటు. సరంగులకూ అలాగే రాసింది. "మీ శ్రమ మీద నాకు గౌరవం ఉంది. మా తమ్ముడు మీ ఆటను ప్రేమించాడు. కానీ వాడి మరణం వల్ల పని ఆగిందన్న వాక్యం నిజం కాదు. దయచేసి దాన్ని తీసేయండి. వారం రోజులు గడువు ఇస్తున్నాను."

మూడో రోజు వాళ్ళలో ఒకడు ఫోన్ చేశాడు. గొంతు లేతగా ఉంది.

"మేడమ్, ఆయన మాకు తండ్రిలాంటివారు."

"తండ్రి రాసిన ఉత్తరానికి జవాబు రాయలేదేం బాబూ?"



"ఆ ఒత్తిడిలో కుదరలేదు మేడమ్. దీపస్తంభం చాలదంటే చెప్పండి, ఒక దీవికి ఆయన పేరు పెడతాం."

"దీవి తయారైందా?"

"పెడతాం మేడమ్."

"పేరు సంగతి తర్వాత. దీవి ఉందా లేదా అని అడుగుతున్నాను."

"అంటే... అది ప్లాన్‌లో ఉంది."

"నాకు దీవి వద్దు, స్తంభం వద్దు. ఆ ఒక్క వాక్యం తీసేయండి."

"తీసేస్తే మరి పని ఎందుకు ఆగిందని అడుగుతారు కదా మేడమ్."

తన నోటివెంట ఏం వచ్చిందో అతనికే వినబడినట్టు లేదు. టీచరమ్మకు వినబడింది. "అడగనివ్వండి" అని ఫోన్ పెట్టేసింది. గడువు ఇంకా నాలుగు రోజులుంది. ఇచ్చిన మాట ప్రకారం ఆగింది. ఓపిక ఆ ఇంటి రక్తంలోనే ఉంది కాబోలు.

వారం తిరిగేసరికి పేజీలో రెండో ప్రకటన వచ్చింది. డ్రిల్లు మాస్టారు పిల్లలను మైదానంలో అలాగే వదిలేసి, ఈల మెడలో ఊగుతుండగా మెట్లెక్కి వచ్చాడు.

"ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరేదో అన్నట్టు దీవి కూడా పుట్టించారమ్మా. అది సరే, కింద చూడండి. మిమ్మల్ని కూడా పడవెక్కించారు."

"ఓపిక మామయ్య సోదరి, ఉపాధ్యాయురాలు, మాతో ఆప్యాయంగా మాట్లాడారు. 'మీ శ్రమ మీద నాకు గౌరవం ఉంది. మా తమ్ముడు మీ ఆటను ప్రేమించాడు' అని రాశారు. ఆ తల్లి ఆశీస్సులే మాకు బలం."

 టీచరమ్మ మాటలు రెండు తీసుకుని, మూడోది వదిలేశారు. పరీక్షలో కాపీ కొట్టే పిల్లవాడికైనా పట్టుబడతానన్న భయం ఉంటుంది. వీళ్ళకు అదీ లేదు. బతికుండగా తమ్ముడి ఓపిక వాడుకున్నారు. పోయాక చావు వాడుకున్నారు. ఇప్పుడు ఆవిడ మర్యాద దొరికింది.

సాయంత్రం బడి నుంచి నేరుగా మరదలి దగ్గరికి వెళ్ళి, ఉత్తరం బయటపెడతానని చెప్పింది. మరదలు మిషను ఆపింది.

"అందులో ఆయనకు ముందే తెలుసని ఉంది కదా వదినా."

"ఉంది."

"పదకొండు నెలలని కూడా ఉంది."

"ఉంది."

"ఆ ముక్క తీసేసి పెట్టకూడదూ? పోయిన మనిషిని నలుగురి నోళ్ళలో వేయడమెందుకు? ఆయన మంచితనం ఒక్కటే కదా మాకు మిగిలింది."

 మేనకోడలు గుమ్మంలో నిలబడి వింటోంది. ఉత్తరం ఆ పిల్ల కూడా చదివిందని ముఖం చూస్తే తెలుస్తోంది.

"ఆ ముక్క తీసేస్తే, నా ఉత్తరాన్ని వాళ్ళు చేసినట్టే వాడి ఉత్తరాన్ని మనం చేసినట్టు" అంది టీచరమ్మ. "మీ ఇద్దరికీ ఇష్టం లేకపోతే అసలు పెట్టను. సగం మాత్రం పెట్టలేను."

మరదలు చొక్కా గుండీ దారాన్ని పంటితో కొరికింది. 

"నా తప్పుతో సహా అని నాన్నే రాసుకున్నాడు కదమ్మా" అంది కూతురు.

"అవును, రాసుకున్నాడు" అంది మరదలు. "మనిషి ఉన్నన్నాళ్ళూ ఎవరి మీదా గట్టిగా ఒక మాట అనలేదు. అన్న ఒక్క మాటా వాళ్ళు మింగేస్తే ఎలా? పెట్టేయండి వదినా. మొత్తం పెట్టండి."

పేజీలో తమ్ముడి పేరు మీదే పెట్టారు. అక్షరం మార్చలేదు. మొదటి పావుగంటలో ఎనిమిది జవాబులు వచ్చాయి. "మాకు అనుమానంగానే ఉండేది" అన్నారు ఇద్దరు. "అయితే ఈయనా వాళ్ళలో ఒకడేనా" అన్నాడొకడు. మరదలు ఆ ముక్క చదివి లేచి, లోపలికి వెళ్ళి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా పొయ్యి దగ్గర నిలబడింది.

అరగంటకు ఉత్తరం మాయమైంది. దాని స్థానంలో ఒక వాక్యం కనబడింది. "కుటుంబం దుఃఖాన్ని గౌరవిస్తూ ఇక్కడ చర్చ మూసివేస్తున్నాం." ప్రకటనలు రెండూ మాత్రం చెక్కుచెదరకుండా అలాగే ఉన్నాయి. చదవడానికి వీలుంది, బదులు రాయడానికి లేదు.

"మన దుఃఖాన్ని గౌరవించి మన నోరు మూశారు" అంది టీచరమ్మ. ఆ తర్వాత ఆ పేజీ గురించి మళ్ళీ మాట్లాడలేదు.

తమ్ముడి కంప్యూటర్‌లోని ఉత్తరాల పెట్టె మాత్రం సరంగుల చేతిలో లేదు. విసిగిపోయి వెళ్ళిపోతామన్నవాళ్ళకు ఆగమని ఆయన విడిగా రాసిన ఉత్తరాలు అందులో ఉన్నాయి. టీచరమ్మ లెక్కపెట్టింది. నలభై ముగ్గురు. వాళ్ళలో ఒక నర్సు ఉంది, ఒక లారీ డ్రైవరు ఉన్నాడు, కాలు విరిగి మంచం మీద ఉన్నానని, ఆట ఎప్పుడొస్తుందని అడిగిన మనిషి ఉన్నాడు. ప్రతివాళ్ళకూ తమ్ముడు వాళ్ళ ఇబ్బంది కనుక్కుని మరీ ఓపిక పట్టమన్నాడు.

"అందరికీ ఒక్కసారే పంపేయొచ్చు అత్తా. ఒక్క నొక్కు" అంది మేనకోడలు.

"మీ నాన్న ఒక్కొక్కరికీ విడిగా చెప్పాడు కదమ్మా."

రోజూ బడి విడిచాక వచ్చి, ఒక్క మనిషికి రాస్తుంది. ముందు ఆ మనిషి అడిగిన ప్రశ్న చదువుతుంది, తమ్ముడు ఇచ్చిన జవాబు చదువుతుంది, తర్వాత రాస్తుంది. మంచిమాటతో మొదలుపెట్టడం మానేసింది. తమ్ముడి చివరి ఉత్తరం పూర్తిగా జతచేస్తుంది. నర్సు తిరిగి రాస్తూ మేనకోడలి చదువు ఎలా ఉందని అడిగింది. లారీ డ్రైవరు మాత్రం, మీ తమ్ముడి మాట నమ్మి మరో ఇద్దరి చేత వేయించాను, ఇప్పుడు వాళ్ళకు నా ముఖం ఎలా చూపించను, అని రాశాడు.  టీచరమ్మ ఆ ఉత్తరం చెరిపేయకుండా ఉంచింది.

పేజీలో ఆ వాక్యం అలాగే ఉంది. ఇప్పటికి పదకొండు మందికి ఉత్తరాలు వెళ్ళాయి. ఆట ఆగింది తమ్ముడు చనిపోయినందువల్లేనని మిగతా ముప్పై రెండు మంది ఇంకా అనుకుంటున్నారు.