గోడ మీద పదహారు గీతలు

ఇంటి బీమా పాలసీ నలభై రెండు పేజీలూ చదివేసరికి కోడలికి తల ప్రాణం తోకకొచ్చింది. ఏది ఎప్పుడు పగులుతుందో ముందే కనిపెట్టడం సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా ఆమె ఉద్యోగం. ఇంట్లో పైపు సంగతి మాత్రం కనిపెట్టలేకపోయింది. నిజం చెప్పాలంటే కనిపెట్టింది, పట్టించుకోలేదు.

పన్నెండు రోజుల కిందట, బుధవారం, బాత్రూమ్‌కీ మామగారి గదికీ మధ్య గోడలో పైపు పగిలి గదంతా చీలమండల లోతు నీళ్లు. చెక్క నేల ఉబ్బి లేచింది, బీరువా అడుగు విచ్చుకుంది. ఆ రోజు నుంచీ మామగారి పడక హాల్లో సోఫా మీదే, మోకాళ్ల కింది భాగమంతా గాల్లో. భర్త ఆఫీసు పని మీద వేరే ఊళ్లో ఉండి, ఫోన్లో ధైర్యం పంపిస్తున్నాడు.

పంతొమ్మిదో పేజీలో ఉంది అసలు ముక్క. పైపు ఒక్కసారిగా పగిలి జరిగిన నష్టానికి ఇస్తారు. తెలిసీ వదిలేసిన చెమ్మకు ఇవ్వరు. ఆ రెండు వాక్యాల మధ్యే మామగారి గది ఇరుక్కుపోయింది.

ఆ గోడ మీది చెమ్మ నాలుగు నెలల నాటిది. మామగారు ముప్పయ్యేళ్లు ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చూసిన మనిషి. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన చెయ్యి ఉద్యోగాన్ని వదల్లేదు. ప్రతి ఆదివారం చెమ్మ అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి, తేదీ వేసి, పక్కన రెండు ముక్కలు రాసేవారు. గీసినప్పుడల్లా కోడలికి చెప్పేవారు. ఆమె వచ్చే వారం చూద్దాం మామయ్యా అనేది. అలా పదహారు గీతలయ్యాయి.

ఇవాళ వాటి మీద ఆమె క్యాలెండర్ తగిలించింది. నష్టం చూడటానికి వచ్చే బీమా సర్వేయర్ ఏమడిగినా తానే చెబుతానని, ఆయన తలూపితే చాలని పొద్దుట్నుంచీ మూడుసార్లు చెప్పింది.

సర్వేయర్ వచ్చాడు. ఆ రోజుకి అది నాలుగో ఇల్లట. మోకాలు పట్టుకుని కూర్చుని నేల తట్టాడు, లేచి క్యాలెండర్ చుట్టూ ఉన్న మరక చూశాడు.

"ఈ చెమ్మ ముందు నుంచీ ఉందా?"

కోడలు నోరు తెరిచేలోపే మామగారు క్యాలెండర్ తీసి చంకలో పెట్టుకున్నారు.

"ఇవిగో బాబూ రీడింగులు. పైపు పగిలేదాకా ఒక్క వారం తప్పలేదు."

కాశీకి పోయినా కర్మ తప్పదన్నట్టుంది ఆమెకు. ఆయన మొహంలో గర్వం చూశాక కోపం కూడా రాలేదు, ఓపిక లేక.

"ఆయన ప్రతి వారం చెప్పారండీ. వాయిదా వేసింది నేనే," అంది.

సర్వేయర్ ఫోన్ లైటు వేసి గీతలన్నీ చదివాడు. చివరి గీత దగ్గర ఆగాడు. బుధవారానికి ముందు ఆదివారం తేదీ. పక్కన గుండ్రటి అక్షరాల్లో: నేల పొడి. బీరువా బాగుంది.

"గోడకి డబ్బు రాదమ్మా. పైపుకీ రాదు. నేలకీ బీరువాకీ రాస్తాను. ఆదివారం దాకా పొడిగా ఉందని పెద్దాయన రాశారు కదా." క్యాలెండర్ వైపు చూశాడు. "ఇది అక్కడే ఉండుంటే నాకు మరకొక్కటే కనపడేది. మొత్తం పాత చెమ్మే అని రాసి పోయేవాణ్ణి."

కొత్త నేల వేయడానికి ఇంకో నెల పట్టొచ్చని చెప్పి, ఫొటోలు తీసుకుని వెళ్లాడు.

కోడలు తన దిండూ దుప్పటీ తెచ్చి సోఫా మీద పడేసింది. నెల్లాళ్లూ సోఫా తనదని, తన గదిలో మంచం మీద ఆయన పడుకోవాల్సిందేనని అంది. నా కాళ్లకి అలవాటైపోయిందిలే అమ్మాయ్ అన్నారాయన. నా కాళ్లు పొట్టివి, సరిపోతాయి అంది.

తర్వాత గోడ కోసం మేస్త్రీకి ఫోన్ చేసింది. వచ్చే వారం చూద్దాం అన్నాడతను.

మామగారు అప్పటికే పెన్సిల్ చెక్కుతున్నారు.