కడుపు నిండిన గేదె

ఈనిన వారానికి అప్పలకొండమ్మ గేదె కాఫీ డికాక్షన్ రంగులో ఉచ్చ పోసింది.

పేడ ఎత్తుతున్నదల్లా తట్ట కింద పడేసి మొగుణ్ణి కేకేసింది. సత్యారావు వచ్చి చూసి, "ఏడి సేసిందొలే. కొబ్బరినీళ్లు పట్టు," అన్నాడు. వాళ్లుండే బతు బస్తీలో ఇరుగుపొరుగూ అదే మాటన్నారు. కొబ్బరినీళ్లు పట్టారు, బార్లీ గంజి పట్టారు. మర్నాటికి గేదె లేవలేదు. దూడ వచ్చి పొదుగు కుమ్ముతున్నా కదల్లేదు.

ఆ గేదె పేరు రాణి. దూడగా ఉన్నప్పుడు తెచ్చి పెంచింది అప్పలకొండమ్మ. కడుపున పుట్టిన పిల్లలకి కూడా అంత తీరిగ్గా ఒళ్లు తోమి ఎరగదు. ఇక ఆగలేక తనే పశువుల ఆసుపత్రికి పరిగెత్తింది.

డాక్టర్ మధులత స్కూటర్ మీద వచ్చింది. గేదె కంటిరెప్ప తిప్పి చూసింది. లోపల సున్నం పూసినట్టు తెల్లగా ఉంది.

"ఈనక ముందు తేడాగా ఏమైనా తినేదా పిన్నీ? మట్టి, తాడు, అలాంటివి?"

చూలుతో ఉన్నన్నాళ్లూ రాణి చెత్తకుప్ప దగ్గరికి పోయి మేక బొమికలు నమిలేది. గేదె బొమికలు నమిలితే ఇంటికి అరిష్టమని కొందరంటే, కొందరు నవ్వుతుంటే, సిగ్గేసి అప్పలకొండమ్మే దాని మూతికి చిక్కం కట్టేసింది. ఆ సంగతే చెప్పింది.

మధులత చెవి గొట్టం పెట్టి గేదె గుండె చప్పుడు వింది.

"భాస్వరం చాలనప్పుడు అలా వెతుక్కుంటాయి. ఇక్కడి వానలకి నేలలో సారం కొట్టుకుపోతుంది, గడ్డిలో అది తక్కువ. కడుపులో దూడకి కొంత, ఈనాక పాలకి కొంత పోయింది. పూర్తిగా అడుగంటితే రక్తం లోపలే విరిగిపోయి ఉచ్చలో వచ్చేస్తుంది."

"గడ్డి పచ్చగా ఉంది గదమ్మా! లంబాలైన్ దాకా ఎల్లి నానే కోసుకొచ్చాను. ఏ పూటా తక్కువ సెయ్యలేదు. కడుపునిండా ఎట్టాను."

"కడుపైతే నిండింది పిన్నీ," అంది మధులత మెల్లగా.

మెడ నరంలోకి మందు ఎక్కించింది. మందొక్కటే సరిపోదని, ఇంకో గేదె రక్తం ఎక్కిస్తే ఆశ ఉందని చెప్పింది. సత్యారావు గేదెలున్న ఇళ్లన్నీ తిరిగాడు, ఎవరూ ఒప్పుకోలేదు. పక్కింటి యర్రమ్మ గుమ్మంలోనే నిలబెట్టి, "మాదీ పాలిచ్చేదే గదన్నా. దానికేటన్నా అయితే?" అంది. తిట్టలేకపోయాడు. తన గేదె రక్తం అడిగితే తనూ ఆ మాటే అనేవాడు.

అప్పలకొండమ్మ డాక్టర్ ఇచ్చిన పొడి బెల్లంలో కలిపి ముద్ద చేసి రాణి మూతి దగ్గర పెట్టింది. "తినే తల్లీ, ఇదేనట నీకు కావాల్సింది," అంటూ బతిమాలింది. గేదె వాసన కూడా చూడలేదు. ఆ ముద్ద ఆమె చేతిలోనే కరిగి మోచేతి దాకా కారింది. మధ్యాహ్నం వానలో రాణి మెడ వాల్చేసింది. మధులత చెవి గొట్టం తీసేసి, తడిసిన గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

మున్సిపాలిటీ బండి వచ్చి రాణిని తీసుకుపోయింది. సాయంత్రం యర్రమ్మ చెంబుతో పాలు తెచ్చింది, దూడకి. చెంబు అందిస్తూ ఆమె తల ఎత్తలేదు. అప్పలకొండమ్మా లేవలేదు. సత్యారావే అందుకుని తాగించాడు. రెండ్రోజుల తర్వాత దూడని యర్రమ్మ కొట్టంలోకే తోలారు. అక్కడైతే పాలుంటాయి.

నెల తిరిగాక ఒక పొద్దుట సత్యారావు టీ గ్లాసు పట్టుకుని అప్పలకొండమ్మ పక్కన కూర్చున్నాడు.

"డాక్టరమ్మ కనిపించిందే. మల్లీ ఒక గేదె పడ్డని తెచ్చుకోమంటంది. ఆ పొడి తనే ఇప్పిస్తాదట. ఈసారి బాగా సూసుకుందాం."

అప్పలకొండమ్మ అతని మొహంలోకి చూసింది. చాలా రోజులకి అదే చూడటం.

"బాగానే సూసుకున్నాను గదయ్యా," అంది.

సత్యారావు టీ తాగడం కూడా మరిచిపోయి అలాగే కూర్చున్నాడు.