బెరార్దీనో ఉప్పు

ఇటలీ కొండల్లో పియెత్రస్కూర అనే ఊళ్ళో ఎర్సీలియా వాళ్ళ మాంసం దుకాణం బోర్డు మీద ఒక మనిషి బొమ్మ ఉండేది. పక్కన గాడిద, గాడిదకి అటూ ఇటూ పీపాలు, వెనక సముద్రం. ఆ మనిషి ఆమె తాతయ్య బెరార్దీనో. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్లు కొండలన్నీ ఆక్రమించుకుని కూర్చున్న చలికాలం, ఉప్పు దొరక్క ఊళ్ళో కోసిన పంది కోసినట్టే పాడైపోతుంటే, ఆయన క్రిస్మస్ ముందు వారం సైనికుల కళ్ళుగప్పి కొండ దిగి, సముద్రపు నీళ్ళు కాచి ఉప్పు తెచ్చాడని, ఇంటింటికీ తలా కాస్త పంచాడని చెప్పుకునేవాళ్ళు. ఆయన జీవితాంతం కుంటింది ఆ నడక వల్లేనట. ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడని పల్చగా కోస్తూ, బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి ఎర్సీలియా ఈ కథ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. తండ్రి చెప్పగా విన్నదే, ఆయన పేరు దొనాతో. ఎప్పుడు చెప్పినా గొంతులో కాస్త గర్వం వచ్చి చేరేది.

ఒక సెప్టెంబరులో దుకాణానికి ఫోన్ వచ్చింది. అవతల ఎవరో ఆడమనిషి. ఇటాలియన్ బాగానే మాట్లాడుతోంది గానీ యాస వేరు. పేరు యగోద అని, సముద్రానికి ఆవలి ఒడ్డున కోటోర్‌లో ఉంటానని, యాత్రికులకి ఊరు తిప్పి చూపించడం తన పని అని చెప్పింది. వాళ్ళ తాత వుకాషిన్ మాంటెనెగ్రో మనిషి. ఆ యుద్ధకాలంలో ఇటలీలో ఖైదీగా ఉండి, శిబిరం నుంచి తప్పించుకుని, ఆ శరదృతువంతా బెరార్దీనో ఇంట్లో తలదాచుకున్నాడట. క్రిస్మస్ ముందు జర్మన్లకి దొరికిపోయాడు. వాళ్ళు తీసుకుపోయిన శిబిరంలో కాలివేళ్ళు పోగొట్టుకుని, ప్రాణాలతో ఇంటికి చేరాడు.

ఇదంతా చెప్పి, ఆమె అసలు మాట అడిగింది. "మా తాత మూలంగా మీవాళ్ళనేం చెయ్యలేదు కదండీ? కాల్చెయ్యలేదు కదా?"

"అయ్యో, లేదమ్మా. అందరూ ముసలివాళ్ళయ్యే పోయారు" అంది ఎర్సీలియా. అవతలి మనిషి ఏడుస్తున్నట్టు వినిపించింది.

ఖైదీ సంగతి ఎర్సీలియా ఎన్నడూ వినలేదు. తండ్రిని అడిగితే, ఆ రోజుల్లో కొండల మీద చాలామంది తిరిగేవాళ్ళని చెప్పి లేచి వెళ్ళిపోయాడు. ఆమె అన్నయ్య రొక్కో మాత్రం పొంగిపోయాడు. ఉప్పు తెచ్చినవాడే ఖైదీని కూడా కాపాడాడంటే ఇక చెప్పేదేముంది? వెళ్ళి మేయరుతో మాట్లాడాడు. ఇంటి గోడకి పాలరాతి ఫలకం పెట్టిద్దామని మేయరు మాటిచ్చాడు.

అక్టోబరులో ఒక ఆదివారం యగోద వచ్చింది. నలభై దాటిన మనిషి, పొడుగరి. ఎండబెట్టిన అత్తిపండ్లు, ఇంట్లో కాచిన సారా సీసా, వాళ్ళమ్మ నేసిన బల్లగుడ్డ తెచ్చింది. గడపలో నిలబడి తలుపు చెక్కని చేత్తో తడిమి చూసింది. భోజనానికి దొనాతో కిందికి రానన్నాడు. కడుపులో బాగాలేదన్నాడు. "నీ కోసం సముద్రం దాటి వచ్చింది నాన్నా, ఏమనుకుంటుంది?" అని రొక్కో ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. ఎనభై మూడేళ్ళ మనిషి. పళ్ళెంలో వేడి మొక్కజొన్న సంకటి, దాని మీద సాసేజి ముక్కలు. ఒక్కటీ ముట్టలేదు.

యగోద తిన్నంతసేపూ చెబుతూనే ఉంది. వాళ్ళ తాతకి ఈ ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ జ్ఞాపకమేనట. లొరేత అనే ఇల్లాలు, బెరార్దీనో, పిల్లలు. ముఖ్యంగా చిన్నవాడు దొనాతో, తన ఒళ్ళో కూర్చుని వాళ్ళ భాషలో అంకెలు నేర్చుకున్నాడట. తన మూలంగా జర్మన్లు ఈ కుటుంబాన్ని ఏం చేశారో తెలియక ఆయన జీవితమంతా కుమిలిపోయాడట. వాళ్ళ చర్చిలో బతికున్నవాళ్ళకి పైన, పోయినవాళ్ళకి కింద కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆయన ప్రతి ఏడూ ఈ ఇంటి పేరు మీద పైన ఒకటి, కింద ఒకటి వెలిగించేవాడట.

"మీ లొరేత నానమ్మ అంటే ఆయనకి దేవతేనండీ" అంది యగోద. "ఇల్లు సోదా చేస్తారేమో, రాత్రికి పైన గొర్రెల పాకలో పడుకో అని చెప్పిందట. చేతిలో రొట్టె పెట్టి, తను అల్లిన ఉన్ని మేజోళ్ళు తొడిగిందట. మర్నాడు పొద్దున ఆ పాకలోనే దొరికాడు. అంత భయంలో కూడా నా కాళ్ళకి చలేస్తుందని ఆలోచించింది అనేవాడు."

రొక్కో కళ్ళు తుడుచుకున్నాడు. గ్లాసులు నింపి, ఇక తమ వంతు అన్నట్టు సముద్రపు ఉప్పు కథ అందుకున్నాడు. కొండలు, మంచు, పీపాలు, గాడిద. యగోద ఎంతో ఇష్టంగా విన్నది. విని, ఏ అనుమానమూ లేకుండా అడిగింది.

"కాలు విరిగిన మనిషి అంత దూరం ఎలా నడిచాడండీ? ఇంటి కప్పు మీద మంచు తోస్తూ కిందపడ్డాడట కదా. బద్దలు పెట్టి కట్టింది మా తాతే. విరిగిన గొర్రెల కాళ్ళకి కట్లు కట్టిన చెయ్యి ఆయనది. తనని పట్టుకుపోయిన రోజుకి మీ తాతగారింకా మంచం మీదే ఉన్నారని, ఆ కాలు సరిగ్గా అతుక్కుందో లేదో అని అడుగుతుండేవాడు."

రొక్కో నవ్వి, ముసలివాళ్ళు రోజులు కలిపేస్తుంటారని అన్నాడు. యగోద కూడా నవ్వి, అంతే అయ్యుంటుందంది. దొనాతో కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. ఎవరివైపూ చూడకుండా, గోడ పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళాడు.

గొర్రెల పాక చూపిస్తానని రొక్కో అతిథిని తీసుకెళ్ళాక, ఎర్సీలియా తండ్రి దగ్గరికి వెళ్ళింది. అది ఉప్పు పట్టించిన పంది తొడలు వేలాడదీసి ఆరబెట్టే గది. ఆయన వాటి కింద బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"తాతయ్య సముద్రానికి వెళ్ళలేదు కదూ నాన్నా?"

 ఆయన చెప్పడం మొదలుపెట్టి ఆపకుండా చెప్పాడు. జర్మన్లు ఇంటింటికీ తిరిగి పశువుల్ని తోలుకుపోతున్నారు. తమ పందిని కూడా పట్టుకుపోతారని లొరేత దాన్ని ఆదరాబాదరాగా కోయించింది. ఉప్పు లేదు. మొగుడు మంచం మీద, ఇంట్లో ముగ్గురు పిల్లలు, ఆ పైన దాక్కున్న మనిషి. ఆ ఏడాదికంతటికీ ఉన్న తిండి ఆ మాంసమే, అది వాసన రావడం మొదలైంది. ఖైదీ జాడ చెప్పినవాళ్ళకి ఉప్పు ఇస్తామని జర్మన్లు కూడలిలో చాటించి ఉన్నారు. లొరేత కొండ దిగి వెళ్ళింది. వచ్చేటప్పుడు నెత్తి మీద గోనెసంచి.

"ఇంట్లో దొరికితే ఇల్లు తగలబెడతారని ముందే పాకకి పంపించింది" అన్నాడు. "మేజోళ్ళు అంతకు ముందే అల్లింది, నిజంగా వాడి కోసమే. తొడుగుతూ ఏడ్చింది. వాడు ఆమె నెత్తిన చెయ్యి వేసి ఓదార్చాడు. నేను చూశాను."

"తాతయ్యకి?"

"సంచి చూశాక తెలిసింది. ఒక్క మాట అనలేదు. సముద్రం కథ ఆయనే కట్టాడు. నన్ను పిలిచి నాలుగుసార్లు చెప్పించుకున్నాడు, తప్పు పోకుండా. ఇక అప్పట్నుంచీ చెబుతూనే ఉన్నాను."

ఎర్సీలియాకి తల ఎత్తాలనిపించలేదు. ఎత్తితే ఆ తొడలు కనిపిస్తాయి. తను దుకాణంలో నవ్వుతూ చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తండ్రి మీద కోపం తెచ్చుకుందామంటే రాలేదు. ఆయన ఏడేళ్ళ పిల్లాడిలా అరచేతులు తన తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

సాయంత్రం రొక్కోకి చెబితే ముందు నమ్మలేదు. నమ్మాక గొంతు తగ్గించాడు. యగోద పక్కవీధిలో గది తీసుకుంది, పొద్దున బస్సుకి వెళ్ళిపోతుంది, సంతోషంగా వెళ్ళనిమ్మన్నాడు. మేయరు, ఫలకం, దుకాణం, అన్నీ ఏకరువు పెట్టాడు. ఆ ఖైదీ మనశ్శాంతితో చచ్చాడు, ఇప్పుడు ఎవరి కోసం ఈ తవ్వకం అన్నాడు.

"ఆయన మనశ్శాంతితో పోలేదన్నయ్యా. మనల్నే తల్చుకుంటూ పోయాడు" అంది ఎర్సీలియా.

"నీ బాధ దించుకోడానికి ఆమె నెత్తిన పెడతావు. అంతేగా?"

 అతనన్నది అబద్ధమని ఆమె చెప్పలేకపోయింది.

పొద్దున్నే బస్‌స్టాపుకి వెళ్ళింది. యగోద బెంచీ మీద కూర్చుని ఉంది, రొక్కో బలవంతంగా చేతిలో పెట్టిన పంది తొడ పొట్లం ఒళ్ళో పెట్టుకుని. ఎర్సీలియా పక్కన కూర్చోలేదు. నిలబడే చెప్పింది. సంచి, పాక, మేజోళ్ళు, తర్వాత కట్టిన కథ. తండ్రి చెప్పిన వరసలోనే చెప్పింది, నానమ్మని వెనకేసుకొచ్చే మాట ఒక్కటి కూడా కలపకుండా. అలా కలపకుండా ఉండటానికి నాలుక కొరుక్కోవాల్సి వచ్చింది. పిల్లలు, ఆకలి, మంచం మీద మొగుడు, అన్నీ నోటి దాకా వచ్చాయి.

యగోద ముఖం మొదట్లో అర్థం కానట్టుంది. తర్వాత దాంట్లో ఏమీ లేదు.

"ఆ మేజోళ్ళు కూడా అందుకేనా?"

"కాదు. అవి ముందే అల్లిందట. తొడుగుతూ ఏడ్చిందని నాన్న చెప్పాడు."

"ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది" అంది యగోద. "అదొక్కటీ లేకపోతే నేను ఆమెని హాయిగా తిట్టుకునేదాన్ని."

బస్సు వచ్చింది. ఎక్కేముందు యగోద పొట్లాన్ని బెంచీ మీద పెట్టింది, విసిరెయ్యలేదు, జాగ్రత్తగానే పెట్టింది. మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగింది. "ఇంటికెళ్ళి మా అమ్మకి ఏం చెప్పాలో మీరే చెప్పండి" అంది.  బస్సు తలుపు మూసుకుంది.

చలికాలంలో ఒకసారి ఎర్సీలియా ఫోన్ చేసింది. యగోద ఎత్తి, ఆమె చెప్పే క్షమాపణ మొత్తం విని, "మీరు మంచివారేనండీ, కానీ ఇక చెయ్యకండి" అని పెట్టేసింది. ఆ తర్వాత చెయ్యలేదు. యగోద తెచ్చిన అత్తిపండ్లు అలమరలో అలాగే ఉండిపోయాయి. తినడానికి ఎవరికీ చెయ్యి రాలేదు, పారెయ్యడానికీ రాలేదు. ఇంటి గోడకి ఫలకం పెట్టలేదు. ఎర్సీలియా ఒక సోమవారం నిచ్చెన వేసుకుని బోర్డు దింపింది. రొక్కో ఆమెతో మాట మానేశాడు. దొనాతో భోజనం గదిలోకే తెప్పించుకునేవాడు. ఒకరోజు పళ్ళెం తీసుకెళ్ళినప్పుడు ఆయన ఏదో గొణుగుతుంటే ఆమె చెవి ఒగ్గింది. తెలియని భాషలో ఒకటి నుంచి పది దాకా లెక్కపెడుతున్నాడు.

బోర్డు ఎందుకు దింపావని ఊళ్ళో ఎవరూ అడగలేదు. ఎర్సీలియా ఆ ప్రశ్నకే ఎక్కువ భయపడింది. అడిగితే చెప్పాలని రోజూ మాటలు కూర్చుకునేది. అసహ్యించుకుంటారని, దుకాణానికి రావడం మానేస్తారని అనుకుంది. వాళ్ళు వచ్చారు, ఎప్పటిలాగే కొనుక్కున్నారు, గోడ మీద బోర్డు లేని చోటికేసి మాత్రం చూడలేదు. చివరికి ఒక శనివారం, దుకాణం నిండా జనం ఉన్నప్పుడు, ఆమె ఉండబట్టలేక పెద్దావిడ నున్సియాతతో అనేసింది.

"పెద్దమ్మా, తాతయ్య సముద్రానికి వెళ్ళలేదు. ఆ ఉప్పు జర్మన్లు ఇచ్చింది."

తొంభై ఏళ్ళ నున్సియాత చేతికర్ర మీద వాలి ఆమెకేసి చూసింది. ఆ చూపులో ఆశ్చర్యం లేదు. కాస్త విసుగు ఉంది.

"తెలుసమ్మాయ్. ఎవరికి తెలీదు? కాలు విరిగి మంచం మీదున్న మనిషి సముద్రానికెట్టా పోతాడు? మీ నానమ్మ ఉప్పు గుడ్డలో కట్టుకుని మా గుమ్మంలోకొచ్చింది. మాకూ పందుంది. మా అమ్మ కొంగు పట్టింది. ఆవిడేం చెప్పలేదు, మా అమ్మేం అడగలేదు. ప్రతి ఇంట్లోనూ అంతే."

దుకాణంలో ఎవరూ కదల్లేదు. కూరగాయల కొట్టు అతను నేలకేసి చూస్తున్నాడు. బడి పంతులమ్మ సంచి జిప్పు వేసి, తీసి, మళ్ళీ వేసింది.

"నువ్విప్పుడు బోర్డు తీసేశావు" అంది నున్సియాత. "మరి మేమేం తియ్యాలి?"

తర్వాత ఎప్పటిలాగే సాసేజి అడిగింది, కారం తక్కువది. ఎర్సీలియా కత్తి తీసుకుంది. తూచింది, కాగితంలో చుట్టింది, ఇచ్చింది. ముసలామె మెల్లగా బయటికి నడిచింది. వెనక వరసలో ఉన్నవాళ్ళలో ఇద్దరు ఏమీ కొనకుండా వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, తమ వంతు వచ్చేదాకా నిలబడే ఉన్నారు.