ఖాళీగా కుంగిన ట్రైలర్

సొంత లారీ కొన్నంత మాత్రాన డ్రైవరు ఓనరు అయిపోడు. ముందు నుంచి లాగే బండి ఒక్కటీ ఉంటే సరిపోతుందా, వెనక తగిలించడానికి ట్రైలర్ ఉండొద్దూ! మన డ్రైవరు రేపటి నుంచి ఇనుప దూలాలు మోసే పని ఒప్పుకుని కూర్చున్నాడు. ట్రైలర్ ఇవాళే కావాలి. అందుకే పొద్దున్నే పాత ట్రైలర్లు అమ్మే యార్డుకి బయలుదేరాడు. భార్య కూడా ఎక్కి పక్క సీట్లో కూర్చుంది. వద్దంటే వినే రకమా ఆవిడ!

"మా తమ్ముడుంటే వాడే చూసిపెట్టేవాడు. వాడు లేడు కాబట్టి నేనొస్తున్నా," అంది.

ఆ మాట విననట్టే అతను గబగబా బండి స్టార్ట్ చేశాడు.

ఆవిడ తమ్ముణ్ణి అందరూ బక్కోడనేవాళ్ళు. మూడేళ్ళ కిందట బావ నడిపే అద్దె బండిలో పక్కన కూర్చుని వెళ్తుంటే, సడన్‌గా బ్రేకు వెయ్యడంతో వెనకున్న ఇనుప పైపులు క్యాబిన్లోకి దూసుకొచ్చాయి. బావకి గీత కూడా పడలేదు. బక్కోడు అక్కడికక్కడే పోయాడు. గొలుసు తెగిందని అందరికీ చెప్పాడు డ్రైవరు. ఏ గొలుసూ తెగలేదు. వాన ముంచుకొస్తోందని, ఆరు గొలుసులు వెయ్యాల్సిన లోడుకి నాలుగే వేసి బండి తీశాడు మహానుభావుడు! ఈ సంగతి తెలిస్తే భార్య తనతో ఒక్క పూట కూడా ఉండదని అతనికి తెలుసు. ఆవిడ లేకుండా బతకలేనని కూడా తెలుసు. అందుకే నోరు కుట్టేసుకున్నాడు.

చుట్టూ గోడల్లేని ఫ్లాట్‌బెడ్ ట్రైలర్ ఎంచడం వచ్చినవాడు రంగు చూసి మురిసిపోడు. పక్కగా నిలబడి, ఒక కన్ను మూసి దాని నడుం చూస్తాడు. ఖాళీగా ఉన్నప్పుడు నడుం కాస్త పైకి వంగి ఉండాలి. లోడు పడితే అది సమంగా దిగుతుంది. ఖాళీగానే సమంగా ఉందంటే దాని పని అయిపోయినట్టే, ఊరికే ఇచ్చినా వద్దనాలి.

యార్డు గేటు దగ్గర్నుంచి చూస్తే ఒక ఎర్ర ట్రైలర్ నడుం ముచ్చటగా వంగి ఉంది. దగ్గరికి వెళ్ళేసరికి చదునుగా ఉంది. వంగి కిందికి చూశాడు. చక్రాల పైన బరువు మోసే స్ప్రింగులు, ఆ కమాను కట్టలు, పూర్తిగా అణిగిపోయి ఉన్నాయి. టైర్లు పక్కలకి ఉబ్బాయి. పైన చూస్తే చెక్కల మీద పూచికపుల్ల లేదు.

"ఇదేంటన్నా, ఇందాకటిదాకా బాగానే ఉందే!" అన్నాడు యార్డువాడు, తల గోక్కుంటూ. "మీరు దగ్గరికొచ్చాకే కుంగింది."

"నేలేమైనా మెత్తగా ఉందేమో," అంది భార్య.

నేలంతా కాంక్రీటు. ముగ్గురూ నాలుగడుగులు వెనక్కి వేశారో లేదో, ఎర్ర ట్రైలర్ కిర్రుమంటూ పైకి లేచింది. యార్డువాడు నవ్వబోయి మానేశాడు. డ్రైవరు మాత్రం ఇంకో రెండడుగులు వెనక్కి వేశాడు.

"అదిగో, ఆ నీలంది ఇచ్చెయ్," అన్నాడు దూరం నుంచే.

"దగ్గరికెళ్ళి చూడవా?" అంది భార్య.

"చూసిందే చాలు. ఎక్కవే, పోదాం!"

లారీని వెనక్కి నడిపి నీలం ట్రైలర్‌కి తగిలించాడు. ఠక్కున కొక్కెం పడింది. అద్దంలో చూశాడు. పైకి వంగిన నడుం మెల్లగా, నింపాదిగా దిగి చదునైపోయింది. గేరు వేస్తే ఇంజను మూలిగింది గానీ బండి అంగుళం కదల్లేదు.

అప్పుడు వెనక చెక్కల మీద గొలుసు లాగుతున్న చప్పుడు వినిపించింది. ఒక గొలుసు బిగించి, కాసేపాగి, రెండోది లాగుతున్నారు. అద్దంలో చూస్తే ట్రైలర్ మీద ఎవరూ లేరు. యార్డువాడు గేటు దగ్గరే నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"ఏమయ్యా, వెనక ఎవరు?" అంది భార్య.

డ్రైవరు స్టీరింగు వదిలేశాడు. ఇంక దాచడం అతని వల్ల కాలేదు.

"గొలుసు తెగలేదే. ఆరు వెయ్యాల్సింది, నేను నాలుగే వేశాను."

ఆవిడ అతని వైపు తిరిగింది.

"వాడు అడిగాడా?"

"అడిగాడు. 'బావా, ఇంకో రెండు వేద్దాం' అన్నాడు."

"నువ్వేమన్నావ్?"

"పిరికోడా, ఎక్కరా అన్నాను."

చప్పుడు ఆగిపోయింది. వెనక ఏదో పెద్ద బరువు దిగినట్టు ట్రైలర్ ఒక్క కుదుపుతో పైకి లేచింది. ఆవిడ తలుపు తీసి దిగింది. ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కొంగు బిగించుకుని గేటు దాటి రోడ్డు మీదికి నడిచిపోయింది.

"ఏమే! ఆగవే!" అని అరిచాడు. ఆవిడ వెనక్కి తిరగలేదు.

దిగి వెంటపడాలని కదలబోయాడు. ఇంతలో ఆవిడ దిగిన తలుపు దానంతటదే మూసుకుంది. ఆ పక్క సీటు కింద గాలి సంచీ ఉంటుంది, మనిషి లేవగానే సీటు బుస్సుమని పైకి రావాలి. ఇప్పుడు రాలేదు. ఆవిడ కూర్చున్నప్పటి కంటే ఇంకా లోతుకి, మెల్లమెల్లగా అణుగుతూ పోయింది.