రేకుల వెనక అక్షరాలు

శనివారం పొద్దున్న పాత దుకాణం గోడమీది రేకులు విప్పుతారని తెలిసి మార్లీన్ పెట్రాక్ మడతకుర్చీ, కాఫీ ఫ్లాస్కు పట్టుకుని అందరికంటే ముందు ప్లాజాకి వచ్చింది. అందరూ అంటే పట్టుమని పదిమంది లేరు. మూతపడిన చౌక దుకాణాల ఆనవాళ్ళు వెతుక్కుంటూ తిరిగేవాళ్ళు పెన్సిల్వేనియా పడమటి కొండల్లో అంతకంటే ఉండరు.

దుకాణం పోయినప్పుడు బోర్డు దించేస్తారు. అక్షరాలున్న చోట ఇటుక ఎండకు వెలిసిపోదు కాబట్టి పేరు గోడమీద మచ్చలా ఉండిపోతుంది. ఈ గోడమీద మచ్చని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. తర్వాత వచ్చిన తివాచీల వ్యాపారి దానిమీద రేకులు కొట్టించాడు. ఇప్పుడు సామాన్లు దాచే గదుల కంపెనీ ఒకటి భవనం కొని ఆ రేకులు పీకిస్తోంది.

అది కార్బీ దుకాణమని మార్లీన్ అంటుంది. టిల్‌మన్ దుకాణమని, ఆ సరుకు పోగేసే ఆమె అక్క మొగుడు డెల్మర్ యోస్ట్ అంటాడు. రెండూ ఒకే కాలంలో, ఒకేలాంటి పెట్టెల్లాంటి భవనాల్లో, ఒకే సరుకు అమ్మి, ఒకదాని వెనక ఒకటి దివాలా తీశాయి. కార్బీది నీలం, టిల్‌మన్‌ది నారింజ రంగు.

స్కూలు బస్సు నడిపి రిటైరైన మార్లీన్ కార్బీ తప్ప వేరే దుకాణం వస్తువు ముట్టదు. గ్యారేజీ నిండా కార్బీ తోపుడు బళ్ళు, కార్బీ సంచులు, కార్బీ హ్యాంగర్లు. మొగుడి కారు చలికాలమంతా బయట మంచులో ఉంటుంది. ఆయన అడగడం మానేశాడు.

దీనికంతటికీ మూలం ఈ ప్లాజాయే. గాజు ఫ్యాక్టరీలో పనిచేసే తల్లి, మార్లీన్‌కి ఐదేళ్ళప్పుడు, అక్కని ఇంట్లో వదిలి ఆమెనొక్కదాన్నీ ఇక్కడికి తీసుకొచ్చింది. గుమ్మం దగ్గర నాణెం వేస్తే ఊగే గుర్రం ఎక్కించింది. పాప్‌కార్న్ పొట్లం పట్టుకుని పక్కనే నిలబడింది. వాన పడి మార్లీన్ ఎడమ మోకాలు తడిస్తే తలకి కట్టుకున్న రుమాలు విప్పి తుడిచింది. అమ్మ తనకొక్కదానికే మిగిలిన రోజు మార్లీన్‌కి అదొక్కటే గుర్తు. ఈ ఆనవాళ్ళు వెతికేవాళ్ళంతా కలిసే ఆగస్టు పిక్నిక్‌లో ఏటా ఆ కథ చెబుతుంది.

ప్లాజాలో దీపస్తంభాలు టిల్‌మన్ వాళ్ళు వేయించే రకమని డెల్మర్ వాదించినప్పుడు ఆమె ఒకటే మాట అంది. "స్తంభాలు ఎవరైనా కొంటారు. నేను ఆ గుమ్మం తొక్కాను బావా. నువ్వు తొక్కావా?"

పందెం వేసుకున్నారు. ఓడినవాళ్ళు అవతలి దుకాణం సిబ్బంది కోటు తొడుక్కుని ఈసారి పిక్నిక్‌లో అందరికీ హాట్‌డాగులు వడ్డించాలి. డెల్మర్ నారింజ కోటు ఇస్త్రీ చేయించి కారు ముందు సీట్లో పెట్టుకొచ్చాడు.

పనివాళ్ళు కుడి చివర మొదలుపెట్టారు. కార్బీ అయితే ముందు వై అక్షరం రావాలి. రేకు ఊడింది. దాని కింద ఎన్ ఉంది, టిల్‌మన్‌లో ఆఖరి అక్షరం. తర్వాతి రేకు కింద ఏ. మూడో రేకు ఊడేసరికి కెమెరాలు పట్టుకున్నవాళ్ళు గోడని వదిలి మార్లీన్ వైపు చూస్తున్నారు.

ఆమె గ్యారేజీ గురించి ఆలోచిస్తోంది. అమ్మ కోసం మొదలుపెట్టి, అమ్మ అడుగుపెట్టని దుకాణం సరుకంతా ఇంటికి మోసుకొచ్చింది.

డెల్మర్ కోటు తేలేదు. డోనట్ తెచ్చి ఆమె చేతిలో పెట్టి పక్కన నిలబడ్డాడు.

"నీ కథలో మోకాలు తడిసింది కదా."

"తడిసింది. అయితే?"

"కార్బీ వాళ్ళు గుర్రాన్ని లోపల పెట్టేవాళ్ళు, పాప్‌కార్న్ బండి పక్కన. బయట పెట్టింది టిల్‌మన్ వాళ్ళే. లోపల వాన ఎలా కురిసింది మరదలా?"

మార్లీన్ డోనట్ కొరకబోయి ఆగింది. కార్బీ భవనమో కాదో తేల్చాలంటే లోపల, గుమ్మం పక్కన, గుర్రాన్ని బిగించిన నాలుగు బోల్టుల గుర్తులు చూడమని కొత్తవాళ్ళకి నేర్పింది ఆమే. ఆ పాఠమూ ఈ కథా ఒకే పిక్నిక్‌లో, ఒకే నోటితో చెప్పింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదటిసారి విన్నప్పుడే."

"చెప్పవేం మరి?"

"చెబితే నువ్వు టిల్‌మన్ వైపు వచ్చేస్తావు. నువ్వు పోటీకొస్తే నాకు ఒక్క హ్యాంగర్ దక్కుతుందా?"

"పందెం మాత్రం కాశావు."

"గెలుస్తానని తెలిసి కాయకుండా ఎలా ఉంటాను?"

ఆమె లేచి గుమ్మం దగ్గరకి నడిచింది. పంచ కింద పేరుకున్న ఆకుల్ని బూటుతో తోసింది. సిమెంటులో నాలుగు బోల్టు మొండేలు, తుప్పుపట్టి. వాటి మధ్య నిలబడి పార్కింగ్ వైపు తిరిగింది. పంచ కప్పు అంచు ఆమె ఎడమ భుజం దగ్గర ఆగిపోయింది. వాన పడితే అటే పడుతుంది.

"కోటు తీసుకురా," అంది.

తొడుక్కుంటే కోటు చేతులు ఆమె వేళ్ళు దాటి వేలాడాయి. అదే కోటుతో డెల్మర్ వాళ్ళింటికి వెళితే, బంగాళాదుంప కూరిన పియరోగీలు వేయిస్తున్న అక్క రీటా అదేం వేషమని అడిగింది. ఓడిపోయానని, ఆ ప్లాజా దుకాణం టిల్‌మన్‌దేనట అని మార్లీన్ చెప్పింది.

"అమ్మ ఎప్పుడూ టిల్‌మన్‌కే కదే వెళ్ళేది."

మార్లీన్, డెల్మర్ ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"నన్నెవరడిగారు?" అని రీటా పియరోగీలు తిరగేసింది.

ఆ ఇంట్లో మార్లీన్ ఏటా థాంక్స్‌గివింగ్ భోజనం చేస్తుంది. వంటింటి పక్కనే నేలమాళిగ మెట్లు. కిందంతా టిల్‌మన్ సరుకేనని ఆమె ఎప్పుడూ దిగలేదు. ఇవాళ దిగింది. గ్యారేజీ సంగతేమిటని వెనక నుంచి డెల్మర్ అడిగాడు. గొంతులో కొంచెం భయం ఉంది.

"దానికేం? సోమవారం బట్లర్ ఊరు వెళుతున్నా. ఎవరో కార్బీ తలుపు పిడి అమ్ముతున్నారట. గుర్రం ఒక్కటే మీవాళ్ళది. నేను సరుకు పోగేసిన ముప్పై ఏళ్ళూ కార్బీవే."

అతను ఊపిరి వదిలి లైటు వేశాడు. మూల బాయిలర్ పక్కన గుర్రం ఉంది. జీను మీద రంగు పిల్లల తొడల ఒరిపిడికి పోయింది. ఇదే గుర్రమా అని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. ఆమె కోటు పైకి మడిచి, బాయిలర్ పట్టుకుని ఎక్కి కూర్చుంది.

డెల్మర్ జేబులో చెయ్యి పెట్టాడు. రెండో చేత్తో మెట్ల కింది నుంచి మొక్కలకి నీళ్ళుపోసే డబ్బా తీశాడు.

"ఎడమ మోకాలేగా?"

"నాణెం వెయ్యి బావా," అంది మార్లీన్.