వెనక చూసే పని

మేస్త్రి ఆగిపోయిన కారు చక్రం మూడో నట్టు విప్పుతుండగా వాన మొదలైంది. కారు యజమాని గొడుగు వేసుకుని రోడ్డు అంచుకు జరిగాడు.

అతని భార్య వ్యానుకు ముప్పై అడుగుల వెనక, ప్లాస్టిక్ కోన్ల పక్కన, వచ్చే బండ్లకు ఎదురుగా నిలబడి ఉంది. ఆమె పని ఒక్కటే: రెప్ప వాల్చకుండా రోడ్డు చూడటం. ఏ బండైనా తెల్లగీత దాటి తమవైపు ఒరిగితే నోట్లో పెట్టుకున్న ఈల ఊదాలి. ఈల వినబడగానే మేస్త్రి చేతిలో ఏమున్నా వదిలేసి రోడ్డు అంచునున్న ఇనుప రెయిలింగ్ అవతలికి దూకాలి. ఇది కంపెనీ నేర్పిన జాగ్రత్త కాదు. పనిలో దిగిన మొదటి వారంలోనే, లారీ విసురుకు మేస్త్రి టోపీ ఎగిరిపోయిన రోజున, మొగుడూ పెళ్ళాం కలిసి ఆలోచించి పెట్టుకున్నది.

నగరం చుట్టూ తిరిగే పెద్దరోడ్డు అది. లారీ వచ్చినప్పుడల్లా ముందు అరికాళ్ళ కింద నేల అదిరేది, తరవాత చప్పుడు, ఆ తరవాత మొహం మీద బురదనీళ్ళు. నీళ్ళు తుడుచుకోవాలన్నా ఆమెకు భయమే. ఆ ఒక్క క్షణంలో ఏ బండి వస్తుందో! పంతొమ్మిదేళ్ళు బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టింది, చివరి నాలుగేళ్ళు వరసకు సూపర్‌వైజరుగా ఉంది. అన్నేళ్ళూ ఆమె కళ్ళు దారం మీద ఉన్నాయి. ఇప్పుడు రోడ్డు మీద ఉన్నాయి. మేస్త్రి ఇప్పటికీ ఆమెను సూపర్‌వైజరమ్మా అనే పిలుస్తాడు. కింద కూర్చునే ముందు ప్రతిసారీ, “సూపర్‌వైజరమ్మా, బాగా చూడు మరి,” అని నవ్వుతాడు. ఆమె కూడా నవ్వేది, మొదట్లో.

పదహారేళ్ళు పనిచేసిన టైర్ల షాపును యజమాని అమ్మేసుకున్నప్పుడు మేస్త్రికి నలభై ఆరేళ్ళు. ఇంకొకరి షాపులో చేరితే సగం జీతమన్నారు. అప్పుడే ఈ ఫ్రాంచైజీ సంగతి తెలిసింది: డబ్బు కట్టి, ఒక కంపెనీ పేరు మీద ఒక ఏరియా తీసుకోవడం. వ్యానులో కంప్రెసరు, జాకీలు, టైర్లు పెట్టుకుని, బండి ఆగిపోయినచోటికే వెళ్ళి టైరు మార్చడం. మీ ఏరియాకు మీరే రాజులని కంపెనీ మేనేజరు అన్నాడు. కొత్తగా తెరిచిన ఏరియా, కాబట్టి సగం రేటుకే ఇస్తున్నామన్నాడు. మేస్త్రికి షాపులో వచ్చిన డబ్బూ, ఆమె ఫ్యాక్టరీ మానేసి తెచ్చుకున్న డబ్బూ కలిపి కట్టారు. ఒక్కో టైరుకు తొమ్మిది వందలు వస్తే అందులో మూడు వందలు కంపెనీవి.

కంపెనీ ఇచ్చిన పుస్తకంలో పదకొండో పేజీ ప్రకారం కాల్ వచ్చిన నలభై నిమిషాల్లో బండి దగ్గర ఉండాలి. ఆరు నెలల్లో మూడు కాల్స్ కాదంటే ఏరియా పోతుంది, కట్టింది తిరిగి రాదు. ఇరవై ఆరో పేజీ ప్రకారం పెద్దరోడ్డు మీద పెట్రోలింగ్ బండి వచ్చి వెనక అడ్డంగా నిలబడేదాకా కిందికి దిగకూడదు. పెట్రోలింగ్ బండి రావడానికి గంట పడుతుంది, వానైతే ఇంకా ఎక్కువ. రెండు పేజీలూ చదివితే బాగానే ఉంటాయి. ఆ రెండు పేజీల మధ్యా ఉన్నది మేస్త్రి వీపు.

ఆ వానలో ఒక ట్యాంకరు వంపు తిరగడం ఆమె చూసింది. ముందు ఏదో కారు వేగం తగ్గించింది కాబోలు, ట్యాంకరు బ్రేకు వేసింది. తడిరోడ్డు మీద దాని వెనక భాగం మెల్లగా, చాలా మెల్లగా అనిపించింది ఆమెకు, తెల్లగీత దాటి పక్కకు రాసాగింది. ఈల ఊదింది. చప్పుడు వచ్చిందో లేదో తెలియలేదు. తను ఎప్పుడు రెయిలింగ్ దాటిందో కూడా తెలియలేదు. వెనక కోన్లు పటపటమన్నాయి. పనిముట్ల పెట్టె రోడ్డు మీద ఈడ్చుకుపోయిన శబ్దం వచ్చింది. ఆ తరవాత ట్యాంకరు తన దారిన తను వెళ్ళిపోయింది.

మేస్త్రి రెయిలింగ్ ఇవతల గడ్డిలో బోర్లా పడి ఉన్నాడు. కదిలాడు. మోకాలు చీరుకుపోయింది, అంతే. కారు యజమాని గొడుగు ఎక్కడో పారేసుకుని వానలో తడుస్తూ నిలబడిపోయాడు. మేస్త్రి లేచి కూర్చుని నవ్వబోయాడు గానీ దవడలు కొట్టుకుంటుంటే నవ్వు రాలేదు.

పది నిమిషాలకు పెట్రోలింగ్ బండి వచ్చి, పసుపు దీపాలు వేసుకుని వెనక నిలబడింది. చక్రం మార్చాక మేస్త్రి చేతులు నట్టును పట్టలేకపోతుంటే ఆమే కూర్చుని ఒక్కొక్కటీ బిగించింది. బండిలోంచి దిగినతను వయసు మళ్ళినవాడు. చెదిరిన కోన్లు ఏరి తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

“పోయినేడు కూడా ఈ వంపులోనే అమ్మా. మీ రంగు వ్యానే. పొడుగాటి మనిషి,” అన్నాడు. “నేనొచ్చేసరికే అయిపోయింది. తరవాత ఆయన భార్య వచ్చి, ఆయన చెప్పు ఒకటి దొరకలేదని ఆ గడ్డిలో చాలాసేపు వెతుక్కుంది.”

ఆమె స్పానరు తిప్పడం ఆపింది. “మాది కొత్త ఏరియా అన్నారు.”

అతను మేస్త్రి వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

పెద్దరోడ్డు దిగాక పెట్రోలు బంకు పక్కన మేస్త్రి వ్యాను ఆపాడు. వాన కప్పు మీద దరువేస్తోంది. ఆమె అతని మొహంలోకి చూస్తూ కూర్చుంది. కాసేపటికి అతనే తల దించుకున్నాడు.

“సంతకం పెట్టిన రోజే తెలుసు,” అన్నాడు. “ఏరియా ఇంత చవకగా ఎందుకిస్తున్నారని అడిగితే మేనేజరే చెప్పాడు. ఆ మనిషి అజాగ్రత్తగా ఉండేవాడంట.”

“నాతో ఎందుకనలేదు?”

“చెబితే నువ్వు ఒప్పుకోవు కదా.”

కోపం వస్తుందేమోనని ఆమె ఎదురుచూసింది. రాలేదు. దానికన్నా పెద్దది, భయం, వచ్చింది. ఇన్ని నెలలూ ఈ మనిషి ఆ వంపులో మోకాళ్ళ మీద కూర్చున్న ప్రతిసారీ తెలిసే కూర్చున్నాడు. బాగా చూడు మరి అని నవ్వుతూ అన్న ప్రతిసారీ తెలిసే అన్నాడు. తను చూస్తున్నది రోడ్డునేననుకుంది. ఇతను తన ప్రాణాన్ని ఆమె కళ్ళలో పెట్టి కూర్చుంటున్నాడని ఆమెకు తెలియదు. ఒక్కసారి తుమ్ము వచ్చి ఉంటే? ఒక్కసారి కంట్లో బురద పడి ఉంటే?

ఫోన్ మోగింది. కాల్స్ తీసేది ఆమే. ఈసారి మేనేజరే చేశాడు. అదే రోడ్డులో, ఆ వంపుకు రెండు కిలోమీటర్లు ముందు, ఒక కుటుంబం ఆగిపోయిందట. పిల్లలు కూడా ఉన్నారట. మీరు దగ్గర్లోనే ఉన్నట్టు మ్యాపులో కనబడుతోందన్నాడు.

“పెట్రోలింగ్ వాళ్ళకు చెప్పారా సార్?”

చెబుతామన్నాడు. మీరు వెళ్ళేలోపు వాళ్ళూ వచ్చేస్తారన్నాడు.

“ముందు ఆ పిల్లల్ని కారులోంచి దించి రెయిలింగ్ అవతలికి పంపమనండి. వెంటనే చెప్పండి. పెట్రోలింగ్ బండి వచ్చి నిలబడ్డాక మాకు ఫోన్ చెయ్యండి, వస్తాం. అంతవరకూ రాము.”

మేనేజరు గొంతు పెంచలేదు. ఇది మూడోది అవుతుందమ్మా అని గుర్తుచేశాడు. జ్వరమొచ్చి ఒకటి, వ్యాను చెడిపోయి ఒకటి, ఆ రెండూ ఆమెకు గుర్తున్నాయి.

“రాసుకోండి,” అంది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. “ఆ పొడుగాయన పేరు కింద రాసుకోండి.”

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. తరవాత, “ఒప్పందంలో మీ పేరు లేదు కదమ్మా. మీరు కాదంటే చెల్లదు. మేస్త్రిని మాట్లాడమనండి,” అన్నాడు.

మేస్త్రి అప్పటికే చేయి చాచాడు. ఆమెకు ఆ చేయి చూస్తే భయమేసింది. అది అన్నేళ్ళుగా సరేననడం మాత్రమే తెలిసిన చేయి. ఫోన్ అతని చేతికివ్వకుండా స్పీకరు నొక్కి, ఇద్దరి మధ్యా సీటు మీద పెట్టింది.

“హలో, మేస్త్రీ,” అంది ఫోన్. “వెళ్తున్నారు కదా?”

మేస్త్రి ఫోన్ వైపు చూశాడు. ఎండిన పెదాలు తడుపుకున్నాడు. కట్టిన డబ్బు, వ్యాను, నలభై ఆరేళ్ళ వయసు, అన్నీ అతని మొహం మీదుగా దాటిపోవడం ఆమెకు కనబడింది.

“ఆవిడ చెప్పింది విన్నారు కదా సార్,” అన్నాడు. “నా మాటా అదే.”

ఫోన్ పెట్టేయలేదు మేనేజరు. అవతల ఎవరో కంప్యూటరు మీద టకటకమని ఏదో కొడుతున్న చప్పుడు మాత్రం వినబడుతోంది. కాదన్న మూడో కాల్ ఎక్కించుకుంటున్నారో, పెట్రోలింగ్ వాళ్ళకు కబురు పెడుతున్నారో తెలియదు. ఇద్దరూ సీటు మీదున్న ఆ ఫోన్‌ను చూస్తూ, ఆ చప్పుడు ఎప్పుడాగుతుందా అని కూర్చున్నారు.